బెంగళూరు ఇంటికి స్కైలైట్: డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది, కొటేషన్ ఎలా అడగాలి

గ్లాసు షాపుకు ఫోన్ చేసి స్కైలైట్‌కు, అంటే వెలుతురు కోసం పైకప్పులో పెట్టే అద్దానికి, ఎంతవుతుందని అడిగితే చదరపు అడుగు 450 అంటాడు. నాలుగడుగులకు నాలుగడుగులంటే పదహారు, పదహారును 450తో హెచ్చవేస్తే 7,200. ఇంతేనా అని సంబరపడి మేస్త్రీని పిలుస్తారు. ఆయన మిద్దె ఎక్కి, స్లాబును కాలితో రెండుసార్లు తట్టి, "ఒక లక్ష దగ్గర పెట్టుకోండి సార్" అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. షాపువాడు చెప్పింది అద్దం ధర, మేస్త్రీ చెప్పింది ఆ అద్దం కూర్చోవడానికి చెయ్యాల్సిన కన్నం ధర.

మాది మదనపల్లె. బెంగళూరులో కట్టేసిన ఇళ్లకు మార్పులు, రిపేర్లు చేసేవాళ్లకు ఎస్టిమేట్లు వేయడం నా పని. రామమూర్తి నగర్, హొరమావు, కేఆర్ పురం వైపు 30 బై 40 అడుగుల సైట్లలో మనవాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. రెండు పక్కలా పక్కింటి గోడలు, వెనక ఇంకో ఇల్లు, ముందు రోడ్డు. నడి ఇంట్లో మెట్ల దగ్గరో, డైనింగ్ దగ్గరో పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. వెలుతురుకు మిగిలిన దారి పైనుంచే కాబట్టి చివరికి అందరూ స్కైలైట్ దగ్గరికే వస్తారు.

నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్దాయన నా ఎస్టిమేట్ చూసి, "అద్దం తొమ్మిది వేలే కదమ్మా, మిగతా డెబ్బై వేలు ఎవరికి?" అన్నారు. సరైన ప్రశ్న. ఆయనకు చెప్పిన లెక్కే మీకూ చెప్తాను. ఇవి బెంగళూరులో నేను వేసే రేట్లు. ఏరియాను బట్టి, లారీ ఇంటి దాకా వస్తుందా రాదా అన్నదాన్ని బట్టి పది పదిహేను శాతం అటూ ఇటూ అవుతాయి.

పాత ఇల్లు, 5 అంగుళాల ఆర్‌సీసీ స్లాబు, నాలుగు బై నాలుగు ఓపెనింగ్, పైన లామినేటెడ్ అద్దం, అంటే మధ్యలో పొర పెట్టి అతికించిన జంట అద్దం. ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్ వచ్చి చూసి స్కెచ్ ఇవ్వడానికి 8,000. డైమండ్ సా (కాంక్రీటు కోసే రంపం) తో కోయడానికి 15,000. కింద జాకీలు పెట్టి స్లాబును నిలబెట్టడానికి 3,000. కోసిన కాంక్రీటును కిందికి దింపి పారబోయడానికి 3,500. కోసిన అంచులకు కింద నుంచి ఇనప చానెల్ బిగించడానికి 12,000. పైన చుట్టూ గట్టు కట్టి వాటర్‌ప్రూఫింగ్ చేయడానికి 9,000. గట్టు మీద ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ఫ్రేము, దానికి ప్రైమర్, ఎపాక్సీ పెయింటు కలిపి 5,000. అద్దం 9,100. సీలెంటు, టేపు, అద్దం ఎక్కించి బిగించే కూలి 5,500. కింద కోసిన అంచులకు ప్లాస్టరింగ్, పుట్టీ, పెయింటు 5,000. అద్దం కింద సేఫ్టీ గ్రిల్లు 3,500. మొత్తం 78,600. బిల్లుతో చేయిస్తే దీని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 14,148. మేస్త్రీ చెప్పిన లక్ష ఊరికే వచ్చింది కాదు.

అద్దానికి 7,200 కాకుండా 9,100 ఎందుకయిందంటే, అద్దం కన్నం కొలతకు సరిపోతే చాలదు. కన్నం అంచు దాటి అన్ని వైపులా 3 అంగుళాలు బయటికి రావాలి, గట్టు మీది ఫ్రేము పైన కూర్చోవాలి. కాబట్టి నాలుగున్నర బై నాలుగున్నర, 20.25 చదరపు అడుగులు. గ్లాసు షాపులో ఎలాగూ కొలతను పై 3 అంగుళాలకో 6 అంగుళాలకో పెంచి బిల్లు వేస్తారు, అది వాళ్ల ఆనవాయితీ. ఓపెనింగ్ సైజు నిర్ణయించేటప్పుడే అద్దం ఆ లెక్కకు సరిగ్గా పడేలా చూసుకుంటే కొంత మిగులుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కలో అద్దం తీసేసి పాలికార్బొనేట్ షీటు పెట్టండి. షీటు చదరపు అడుగు 110 అనుకుంటే 2,200 పైచిలుకు. మిగిలేది ఏడు వేలు కూడా లేదు. డెబ్బై ఎనిమిది వేల పనిలో ఏడు వేలకోసం ప్లాస్టిక్ పెట్టుకుని, కొన్నేళ్లకు మళ్లీ మార్చడం నాకైతే నచ్చదు. స్లాబు కోసి కొత్తగా పెట్టే చిన్న స్కైలైట్‌కు అద్దమే పెట్టండి.

కన్నం ముందే ఉన్నచోట లెక్క తిరగబడుతుంది. మనవాళ్లు ఓటీఎస్ (ఓపెన్ టు స్కై) అనే డక్టు, అంటే గాలీ వెలుతురూ కోసం పైన తెరిచి వదిలిన సందు, ఆరు బై పది అనుకోండి, 60 చదరపు అడుగులు. అక్కడ కోత లేదు, చానెల్ లేదు, ఖర్చంతా పైకప్పుదే. ఫ్రేముతో కలిపి పాలికార్బొనేట్ అడుగుకు 350 చొప్పున 21,000. లామినేటెడ్ అద్దం 1,200 చొప్పున 72,000. అక్కడ పాలికార్బొనేట్ పెట్టడంలో అర్థముంది. ఒక్క హెచ్చరిక. ఆ డక్టులోకి బాత్రూం కిటికీలు తెరుచుకుంటుంటే, అందులోనూ గ్యాస్ గీజర్ ఉంటే, పైన పూర్తిగా మూసేయకండి. గీజర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, బయటికి పోయే దారి లేకపోతే ప్రాణం తీస్తుంది. గోడ మీద 9 అంగుళాల ఎత్తుకు పైకప్పును లేపి, చుట్టూ మెష్ కొట్టించండి. వానజల్లు కొంచెం పడితే పడనివ్వండి.

ఇల్లు ఇప్పుడే కడుతున్నవాళ్లు అదృష్టవంతులు. స్లాబు వేసే ముందే సెంట్రింగ్‌లో ఓపెనింగ్ వదిలి, చుట్టూ అదనపు కమ్మీలు కట్టించి, గట్టును కూడా స్లాబుతో కలిపి ఒకేసారి పోయించండి. కోత, జాకీలు, చెత్త, చానెల్ అన్నీ ఎగిరిపోతాయి. పై లెక్కలో ముప్పై వేలు దాటి మిగులుతుంది. స్లాబుకు, గట్టుకు మధ్య జాయింటే ఉండదు కనుక లీకేజీ బెడద కూడా చాలా తగ్గుతుంది. తర్వాత పెట్టించుకుందాం అనుకున్నా సరే, ఓపెనింగ్ మాత్రం ఇప్పుడే వదిలి పైన తాత్కాలికంగా రేకు కప్పి పెట్టుకోండి.

ఇక కోత సంగతి. ఇంజినీర్‌కు 8,000 దండగ అనుకునేవాళ్లే ఎక్కువ. "మేము ఎన్ని కోశాం మేడం" అని ధైర్యం చెప్పే మేస్త్రీలూ ఉంటారు. కానీ స్లాబు బరువును మోసే మెయిన్ కమ్మీలు ఏ దిక్కుకు పోతున్నాయో పైనుంచి చూస్తే తెలియదు. నాలుగడుగుల కన్నంలో ఆ కమ్మీలన్నీ తెగుతాయి. అవి మోస్తున్న బరువు అంచుల మీదికి మళ్లాలి, అందుకే ఆ చానెల్. బీమును కోయకూడదు. గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ స్లాబును ముట్టకూడదు. పిల్లర్ పక్కన వద్దు. ఎక్కడైతే పర్వాలేదో ఇంజినీర్ సుద్దముక్కతో గీసి చూపిస్తాడు. ఆ గీత మీరు అనుకున్న చోటికి రెండడుగులు పక్కకు జరిగినా వాదించకండి.

కోసేవాడు బ్రేకర్ (కాంక్రీటును దెబ్బలు కొట్టి పగలగొట్టే యంత్రం) తెస్తే వెనక్కి పంపేయండి. ఆ అదురుకు మిగతా స్లాబులో పగుళ్లు వస్తాయి, అవి వానాకాలంలో బయటపడతాయి. డైమండ్ సా కావాలి. దానికన్నా ముందు నాలుగు మూలల్లో కోర్ కటింగ్ మెషీన్‌తో గుండ్రటి రంధ్రాలు వేయించాలి. రంపం బిళ్ల గుండ్రంగా ఉంటుంది కదా, మూల దాకా పూర్తిగా తెగాలంటే పై వైపు గీత దాటి ముందుకు పోతుంది. ఆ దాటిన కోత నుంచే మూలకు పగులు మొదలవుతుంది. ముందే రంధ్రం ఉంటే రంపం అక్కడ ఆగిపోవచ్చు. కొటేషన్‌లో "మూలల్లో కోర్ హోల్స్" అని రాయించుకోండి, రాయకపోతే చెయ్యరు.

నాలుగు బై నాలుగు, 5 అంగుళాల మందం ముక్క బరువు సుమారు 460 కేజీలు. దాన్ని ఒకే ముక్కగా దింపుతామంటే నమ్మకండి. ఎనిమిది ముక్కలుగా కోస్తే ఒక్కొక్కటి 58 కేజీల దగ్గర ఉంటుంది, ఇద్దరు మనుషులు మోయగలరు. రంపానికి నీళ్లు పోస్తూ కోస్తారు. ఆ నీళ్లు సిమెంటు పాలలా బూడిద రంగులో కిందికి కారి, గోడ పట్టుకుని పాకి, టైల్స్ సందుల్లో ఎండిపోతాయి. ఎండాక ఎంత గీకినా మరక పోదు. కింద హాలంతా ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు గోడకు టేపు వేసి, మధ్యలో డ్రమ్ము పెట్టించండి. వెయ్యి రూపాయల పని. చెప్పకపోతే ఇసుక బస్తా చింపి పరుస్తారు.

గట్టు 9 అంగుళాలకు తగ్గకూడదు. మిద్దె మీద నీళ్లు నిలిచినప్పుడు, వాన బొట్లు నేల మీద పడి చిందినప్పుడు అద్దం జాయింటుకు తగలకూడదు. అద్దం సమతలంగా పడుకోబెడితే దాని మీద నీళ్లు, దుమ్ము, ఆకులు చేరతాయి. అడుగుకు ఒక అంగుళం వాలు చాలు. నాలుగున్నర అడుగులకు నాలుగున్నర అంగుళాలు, అంటే ఒక వైపు గట్టు 9 అంగుళాలు, ఎదుటి వైపు పదమూడున్నర. వాలు మిద్దెలో నీళ్లు పోయే పైపు వైపు ఉండాలి. గట్టు కట్టాక, ఫ్రేము పెట్టక ముందు, చుట్టూ ఇసుక మడి కట్టి నీళ్లు నింపి ఒక రోజు పూర్తిగా వదలండి. కింద చెమ్మ కనిపించకపోతేనే ముందుకు పోండి.

అద్దం గురించి ఒకే ఒక్క మాట గట్టిగా చెప్తాను: తల మీద పెట్టేది లామినేటెడ్ అయ్యుండాలి. 12 ఎంఎం టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) చాలు, దాని మీద నడవొచ్చు అని షాపుల్లో చెప్తారు. టఫెన్డ్ బలమైనదే. కానీ లోపల నికెల్ సల్ఫైడ్ రేణువు ఉంటే, ఎవరూ తాకకుండానే ఎప్పుడో ఒక రోజు దానంతట అదే పగలొచ్చు. పగిలితే మొత్తం ముక్కలై కిందికి రాలుతుంది. లామినేటెడ్‌లో రెండు అద్దాల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ముక్కలు దానికే అంటుకుని ఉంటాయి. షాపులో 6+1.52+6 టఫెన్డ్ లామినేటెడ్ అని అడగండి. మూలలో ఐఎస్ 2553 (సేఫ్టీ అద్దాలకు భారతీయ ప్రమాణం) ముద్ర చూడండి. టఫెన్డ్ చేశాక అద్దాన్ని కోయలేరు, రంధ్రం వేయలేరు. కాబట్టి కొలత ప్లాన్ నుంచి ఇవ్వకండి. ఫ్రేము గట్టు మీద బిగించాక షాపు మనిషే వచ్చి కొలుచుకుని పోవాలి. తప్పు కొలతకు బాధ్యత ఎవరిదన్న తగాదా అప్పుడు రాదు.

బరువు కూడా లెక్క వేసుకోండి. అద్దం మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కేజీలు. మన లెక్కలోని నాలుగున్నర అడుగుల అద్దం 56 కేజీల దాకా వస్తుంది. అది మీ మెట్ల మలుపులో తిరుగుతుందా? లేదంటే బయట నుంచి తాడు వేసి లాగాలి, లేదా క్రేన్ పిలవాలి. క్రేన్ అద్దె అద్దం ధరతో పోటీ పడుతుంది. మధ్యలో ఒక అడ్డ పట్టీ వేసి రెండు ముక్కలుగా చేయిస్తే ఒక్కొక్కటి 28 కేజీలు, ఇద్దరు మోసుకెళ్తారు. రేపు ఒకటి పగిలినా సగమే మార్చాలి.

ఎండ విషయం చాలామంది ఆలోచించరు. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే పడదు. కిటికీకి సజ్జ ఉంటుంది, స్కైలైట్‌కు ఏముంటుంది? డైనింగ్ టేబుల్ మీద పెడితే ఏప్రిల్ నెలలో అక్కడ కూర్చుని భోంచేయలేరు. గది విస్తీర్ణంలో ఇరవయ్యో వంతు ఓపెనింగ్ చాలు; 200 చదరపు అడుగుల గదికి పది. పెద్దది పెడితే తర్వాత దానికి పరదా కొనాలి. పారదర్శకమైన అద్దం బదులు పీవీబీ పొర తెల్లగా ఉండేది తీసుకుంటే వెలుతురు చెదిరి మెత్తగా పడుతుంది. వేడి బాగా తగ్గాలంటే సోలార్ కంట్రోల్ కోటింగ్ ఉన్న అద్దం అడగాలి, అడుగుకు ఇంకో వంద దాకా ఎక్కువ. మెట్ల మీద అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు, పక్కన చిన్న లూవర్ (గాలి పోయే పలకల కిటికీ) పెడితే వేడిగాలి దానంతట అదే పైకి పోతుంది.

పాలికార్బొనేట్ పెట్టేవాళ్లు మూడు విషయాలు దగ్గరుండి చూడండి. షీటుకు యూవీ పొర సాధారణంగా ఒక వైపే ఉంటుంది, ఏ వైపో పై ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. ఆ వైపు ఆకాశానికి ఉండాలి. ఫిల్మ్ ముందే పీకేసి ఏ వైపో మరిచిపోయే కుర్రాళ్లు ఉంటారు. తిరగేస్తే రెండు మూడేళ్లలో పసుపెక్కి పెళుసైపోతుంది. రెండోది, లోపల బోలు గదులున్న (మల్టీవాల్) షీటైతే ఆ సందులు వాలు వెంట ఉండాలి, పై కొసను అల్యూమినియం టేపుతో, కింది కొసను గాలి ఆడే టేపుతో మూయాలి. టేపు లేకపోతే లోపల పాచి పట్టి, చీమలు కాపురం పెడతాయి. మూడోది, ఈ షీటు ఎండకు సాగుతుంది. 10 అడుగుల షీటు పొద్దున చలికీ మిట్టమధ్యాహ్నం వేడికీ మధ్య 8 మిల్లీమీటర్ల దాకా మారొచ్చు. స్క్రూకు సరిపడా రంధ్రం వేసి బిగిస్తే అక్కడే చీలుతుంది. రంధ్రం వదులుగా, పైన రబ్బరు వాషరు వెడల్పుగా ఉండాలి.

సందులు మూసే సిలికాన్ సీలెంటు ట్యూబు మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన ఘాటుగా వస్తే అది బాత్రూం అద్దాలకు వాడే చౌక రకం. సిమెంటుకు సరిగా అంటదు, పాలికార్బొనేట్‌కు చెరుపు. న్యూట్రల్ క్యూర్ వెదర్ సీలెంట్ అని అడగండి. ట్యూబుకు వంద, నూట యాభై తేడా.

పాతది మార్చడం అయితే ఖర్చు బాగా తక్కువ. పదహారు చదరపు అడుగుల పాలికార్బొనేట్ తీసి కొత్తది వేయడం 6,000 నుంచి 9,000 మధ్య తేలిపోతుంది, ఫ్రేము బాగుంటే. ఫ్రేము బాగుందో లేదో వెల్డింగ్ మూలల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, లోపలికి దిగితే దాని పని అయిపోయినట్టే. దానికన్నా ముందు, కారుతోందని షీటు మార్చాలనుకుంటున్నారా? చాలా ఇళ్లలో కారేది షీటు నుంచి కాదు, గట్టు పాదం నుంచి. పనివాడు కొత్త షీటు వేసి డబ్బులు తీసుకుని వెళ్లిపోయాక, తర్వాతి వానకు మళ్లీ అదే మరక.

కనుక్కోవడం తేలిక, ఓపిక ఉంటే చాలు. ఎండ రోజున, ఒకరు కింద టార్చితో నిలబడాలి, ఒకరు పైన మగ్గుతో. మొదట గట్టు పాదం చుట్టూ స్లాబు మీద మాత్రమే నీళ్లు పోయండి. గట్టు తడవకూడదు. అరగంట ఆగండి. కింద చుక్క కనిపిస్తే జాయింటు వాటర్‌ప్రూఫింగ్ పోయింది, షీటు జోలికి వెళ్లక్కర్లేదు. ఏమీ రాకపోతే గట్టు పక్క గోడల మీద పోయండి, మళ్లీ ఆగండి. ఆ తర్వాత గట్టుకు, ఫ్రేముకు మధ్య సందులో. చివరికి మాత్రమే షీటు మీద, అదీ ఒక్కో స్క్రూ దగ్గర విడివిడిగా. అంతా ఒకేసారి పైపుతో తడిపేస్తే ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పటికీ తెలియదు. డిసెంబరు, జనవరి పొద్దుటి పూట అద్దం లోపలి వైపు కనిపించే చెమట చుక్కలు మాత్రం లీకేజీ కావు. వంటగది ఆవిరి చల్లటి అద్దానికి తగిలి నీరవుతుంది. గాలి ఆడే ఏర్పాటు చేస్తే పోతుంది.

అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఉన్నవాళ్లు అసోసియేషన్ రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ మొదలుపెట్టకండి. కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం, 1972 ప్రకారం పైకప్పు ఉమ్మడి ఆస్తి.

చెన్నైలో చుట్టాలు ఇదే ఎస్టిమేట్ పంపమని అడుగుతుంటారు. పంపను. ఐఎస్ 875 (కట్టడాల మీద పడే గాలి, బరువులకు భారతీయ ప్రమాణం) ప్రకారం బెంగళూరుకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 33 మీటర్లు, చెన్నైకి 50. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అక్కడ రెండింతలు దాటుతుంది. చదరపు మీటరుకు 2 కేజీలు కూడా లేని షీటును ఆ గాలి ఎత్తి పారేస్తుంది. 2016 డిసెంబరులో వర్దా తుపాను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బోల్టుల సంఖ్య, ఫ్రేము మందం అక్కడి ఇంజినీర్ చెప్పాలి. సముద్రం దగ్గరైతే స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 బదులు 316 రకం.

కొటేషన్ అడిగేటప్పుడు "చదరపు అడుగుకు ఇంత" అన్న ఒక్క లైను తీసుకోకండి. కోత, చెత్త, జాకీలు, అంచు చానెల్, గట్టు, వాటర్‌ప్రూఫింగ్, ఫ్రేము కేజీల్లో, అద్దం రకం, సీలెంటు పేరు, లోపలి ఫినిషింగ్, జీఎస్టీ విడివిడిగా రాయించండి. ముగ్గురి దగ్గర తీసుకుంటే ఎవరు ఏది వదిలేశారో పక్కపక్కన పెట్టగానే కనిపిస్తుంది. తక్కువ చెప్పినవాడి కాగితంలో సాధారణంగా చెత్త, లోపలి ప్లాస్టరింగ్ ఉండవు. పని సగంలో ఉండగా "అది వేరే సార్" అంటాడు, పైకప్పుకు కన్నం పెట్టుకుని మీరేం బేరమాడతారు?

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. పండక్కి కుర్రాళ్లంతా కదిరి, అనంతపురం వైపు వెళ్లిపోతారు, తిరిగి వచ్చాక ఫిబ్రవరి, మార్చి మొదట్లో ఎండగా ఉంటుంది. ఏప్రిల్, మేలో సాయంత్రం ఉరుములు, వడగళ్లు; సెప్టెంబరు, అక్టోబరు ఇక్కడ భారీ వానలు. డబ్బులు నాలుగు విడతలుగా ఇవ్వండి: అడ్వాన్సు 30 శాతం, గట్టు నీటి పరీక్ష అయ్యాక 30, అద్దం బిగించాక 30. మిగతా 10 శాతం ఒక పెద్ద వాన పడి, ఆ మర్నాడు కింద చెయ్యి పెట్టి చూశాక. మార్చిలో పని అయిపోతే మొదటి వాన దాకా ఆగమంటే మేస్త్రీ గొణుగుతాడు, కాబట్టి ఈ మాట మొదటి రోజే కొటేషన్ కింద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.